చొక్కా విప్పని మనిషి

నగరి దేవాంగుల వీధిలో ఎండాకాలం మగ్గం నేసే మగవాళ్ల ఒంటి మీద మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచ, భుజాన జంధ్యం తప్ప ఇంకేమీ ఉండేవి కావు. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే కింద మట్టి చల్లగానే ఉండేది కానీ, పైన పెంకుల వేడికి వీపంతా చెమట కారేది. అంత ఉక్కలోనూ మెడదాకా గుండీలు పెట్టిన ముతక చొక్కాతో నేసేవాడు ఒక్కడే ఉండేవాడు. అతని పేరు తులసీరాం. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటే దాని మీద మళ్లీ తుండుగుడ్డ కప్పుకునేవాడు. ఎవరైనా అడిగితే అతని తల్లి కుప్పమ్మ, "వానికి చిన్నప్పుట్నుంచీ సలవ పడదు" అని చెప్పేది. నగరి ఎండల్లో చలువ ఎక్కడిదని అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అసలు సంగతి వేరే. మీసం మొలిచే వయసులో కొందరు మగపిల్లలకు రొమ్ములు కాస్త పొంగుతాయి, ఏడాది రెండేళ్లలో అణిగిపోతాయి. తులసీరాంకు అణగలేదు. ఒకనాడు ఏట్లో మునిగి గట్టెక్కుతుంటే తోటివాడొకడు, "రేయ్, వీనికి రవిక కుట్టించాలబ్బా" అన్నాడు. అన్నవాడు పది అడుగులు వేసేలోపే ఆ మాట మర్చిపోయి ఉంటాడు. తులసీరాం మాత్రం ఆ రోజు నుంచి పగలు గానీ రాత్రి గానీ చొక్కా విప్పలేదు. శ్రావణంలో జంధ్యాల పున్నమికి వీధిలోని మగవాళ్లంతా చావడిలో వరసగా కూర్చుని పాత జంధ్యం తీసి కొత్తది వేసుకునేవాళ్లు. ఏటా ఆ రోజుకు అతనికి జ్వరం వచ్చేది.

మగ్గం మీద మాత్రం అతన్ని మించినవాడు ఆ వీధిలో లేడు. చీరకు గోపురం అంచు, రుద్రాక్ష అంచు అతను నేస్తే పోగు ఎక్కడ కలిసిందో కనుక్కోవడం కష్టం. పక్క మగ్గం వెంకటముని అతని స్నేహితుడు. వెంకటముని రొమ్ము పలకలాగా ఉండేది, దాని మీద నల్లటి వెంట్రుకలు. నేస్తూ మధ్య మధ్యలో తులసీరాం అటు చూసేవాడు. మగతనమంటే అదేనని, అది తనకు దక్కలేదని అతని మనసులో ఎప్పుడో గట్టిపడిపోయింది. ఆడవాళ్ల మీద ఆశ లేనివాడు కాదు. ఆశ పుట్టినప్పుడల్లా, ఆ ఆడది తనను చూసి నవ్వుతున్నట్టు కూడా కనబడేది.

పంతొమ్మిది వందల నలభై ఒకటిలో అతనికి పెళ్లయింది. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. పెళ్లికూతురు నారాయణవనం పిల్ల, చౌడేశ్వరి. పందొమ్మిదేళ్లది. తండ్రి పోయి, అన్న కృష్ణమూర్తి నిలదొక్కుకునేదాకా ఆ పిల్ల పెళ్లి ఆలస్యమైంది. దూరపు వరసలో తులసీరాం ఆమెకు మామ అవుతాడు. ముహూర్తానికి చొక్కా తీయమని పురోహితుడు పట్టుబడితే బనియను మీద పట్టు కండువా నాలుగు చుట్లు చుట్టుకుని పీటల మీద కూర్చున్నాడు. పెళ్లికొడుక్కు సిగ్గెక్కువ అని ఆడవాళ్లు నవ్వుకున్నారు.

చౌడేశ్వరి పొడుగ్గా, చామనఛాయగా ఉండేది. నోరు ఊరుకునేది కాదు. నూలు కండెలు చుడుతూనే వీధి చివరిదాకా అందరితో మాట్లాడేది. కుప్పమ్మకు కూడా మొదట్లో ఆ పిల్ల నచ్చింది. కానీ ఏడు నెలలు గడిచినా మొగుడు ఆమెను ముట్టుకోలేదు. దీపం ఆర్పగానే గోడవైపు తిరిగి మోకాళ్లు ముడుచుకునేవాడు. నిద్రలో ఆమె చెయ్యి వచ్చి అతని రొమ్ము మీద పడితే లేచి కూర్చునేవాడు.

ఒక పొద్దున వీధి పొడవునా పడుగు పోగులు చాచి సరిచేస్తున్నారు. ఆ చివర ఆమె, ఈ చివర అతను. మిగతావాళ్లు గంజి తేవడానికి లోపలికి పోయారు. పోగులు దువ్వుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది.

"మామా, ఒక మాట అడగతా. కోపం చేసుకోవు గదా?"

"ఏంది?"

"నేను నల్లంగా ఉండానని నీకు ఇష్టం లేదా?"

"ఎవురన్నారు ఆ మాట?"

"ఎవురూ అనలేదు. దినామూ నువ్వు గోడ మొగం సూస్తా పండుకుంటావే, ఆ గోడన్నా ఏమన్నా చెప్తాదేమోనని సూస్తా ఉండా. అదీ చెప్పలేదు."

తులసీరాం చేతిలో పోగు తెగింది. తలొంచుకుని ముడి వేశాడు. "నీలో ఏం తప్పు లేదు చౌడీ" అన్నాడు.

"మరి ఎవురిలో ఉండాది?"

అతను రెండో పోగు వెతుక్కున్నాడు. అప్పటికి గంజి కడవతో కుప్పమ్మ బయటికి వచ్చేసింది.

ఆ వానాకాలం తులసీరాంకు చలిజ్వరం పట్టుకుంది. ఈసారి నిజమైన జ్వరమే. మూడో రోజు మధ్యాహ్నం చెమట పోసి, చొక్కా పిండితే నీళ్లు కారేలా తడిసింది. ఒంటి మీద తెలివి లేదు. తడిగుడ్డతో ఉంటే చలి తిరగబెడుతుందని చౌడేశ్వరి గుండీలు విప్పి, చొక్కా తీసి, పొడిగుడ్డతో ఒళ్లు తుడిచింది. అప్పుడు చూసింది. చెయ్యి ఆగింది. తర్వాత ఆమెకు నవ్వు వచ్చింది.

ఎగతాళి నవ్వు కాదు. ఏడు నెలలుగా తనలో ఏం లోపముందో, మొగుడి మనసులో ఇంకెవరున్నారో అని కుమిలిపోయిన మనిషి, ఇంతేనా అని తెలిసి ఊపిరి వదిలిన నవ్వు. కానీ సరిగ్గా ఆ నవ్వు చప్పుడుకే తులసీరాం కళ్లు తెరిచాడు. మీద చొక్కా లేదు. ఎదురుగా పెళ్లాం నవ్వుతోంది.

"ఇంతేనా మామా? దీనికా ఇన్ని దినాలు నన్ను ఏడిపించినావు?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "మా పెద్దనాయనకూ ఇట్లే ఉండె. ఆయనకు ఆరు మంది బిడ్లు!"

"సొక్కాయి ఇయ్యి."

"తడిసిపోయిండాది, ఇంకోటి తెస్తా ఉండు. ఈడెవురుండారని..."

"సొక్కాయి ఇయ్యమంటి గదా!" అని అరిచాడు. ఆమె ఆ తడిచొక్కానే ఇచ్చింది. వణుకుతూ దాన్ని తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాడు.

పెద్దనాయన మాట అతనికి చేరలేదు. ఆరుగురు బిడ్డల మాటా చేరలేదు. నవ్వొక్కటే చేరింది. జ్వరం తగ్గాక పడక మగ్గాల గదిలోకి మార్చుకున్నాడు. ఒక్కసారి మాత్రం, ఆమె ఎన్నో విధాల బతిమాలాక, దగ్గరికి వచ్చాడు. తనకేమీ అడ్డం లేదని చెప్పడానికే ఆమె అరచెయ్యి తెచ్చి అతని రొమ్ము మీద ఆనించింది. అంతటితో అతని ఒళ్లు చల్లబడిపోయింది. లేచి వెళ్లిపోయాడు. తనలో అనుమానంగా ఉన్నది నిజమేనని ఆ రోజు తేల్చుకున్నాడు.

నలభై మూడులో యుద్ధం వల్ల నూలుకు కరువొచ్చింది. వారానికి నాలుగు రోజులు మగ్గాలు ఊరికే పడి ఉండేవి. పటాలంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి వెంకటముని, ఇంకో ఇద్దరు చిత్తూరికి బయలుదేరారు. తులసీరాం కూడా వాళ్లతో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సెక్కాడు. మిగతావాళ్లు కూటి కోసం పోయారు. అతను పోయింది వేరే దానికి. సర్కారు తన ఒంటి మీద పటాలం గుడ్డలు తొడిగితే, తను మగవాడేనని దొరలే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ మాట పెళ్లాం ముందు చెప్పుకోవచ్చు, తనకు తను చెప్పుకోవచ్చు.

చొక్కా విప్పాల్సి వస్తుందని అతనికి తెలియదా అంటే తెలుసు. దారి పొడుగునా దానికే గుండె దిటవు చేసుకుంటూ పోయాడు.

ఒక పెద్ద రేకుల కొట్టంలో నలభై మందిని గోచీలతో వరసగా నిలబెట్టారు. తులసీరాం చేతులు కట్టుకుని రొమ్ములు కప్పుకున్నాడు. కొలతలు తీసే మనిషి వచ్చి ఆ చేతులు లాగేసి, టేపు చుట్టి, "ముప్పై నాలుగు" అని కేక పెట్టాడు. మళ్లీ, "కొలత సరిపోయింది సార్. ఎందువల్ల సరిపోయిందో మాత్రం అడగొద్దు" అన్నాడు. వరస మొత్తం గొల్లుమంది. వెంకటముని నవ్వలేదు, నేల చూశాడు.

బల్ల దగ్గర కూర్చున్న డాక్టరు పెద్దవాడు. ఆ మనిషిని కసిరి, తులసీరాంను తెర వెనక్కు తీసుకుపోయి పరీక్ష చేశాడు.

"పెళ్లయిందా?"

"అయింది సామీ."

"చూడు నాయనా, నీ ఒంట్లో జబ్బేమీ లేదు. ఇట్లాంటి ఒళ్లు వందలో నలుగురైదుగురికి ఉంటుంది. సంసారానికీ, బిడ్డలకూ దీనికీ ఏ సంబంధం లేదు. నువ్వు అందరిలాంటి మగవాడివే."

"అట్లయితే నన్ను తీసుకోండి సామీ."

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఒక్క నిమిషం విన్నావు గదా ఆ నవ్వు. పటాలంలో నలభై మందితో ఒకే కొట్టంలో ఉండాలి, ఒకే తొట్టి దగ్గర స్నానం చెయ్యాలి. నిన్ను బతకనివ్వరు. ఇంటికి పో."

ఆ పెద్దమనిషి చెప్పిన నాలుగు మాటల్లో మూడు మంచివే. తులసీరాం బతకనివ్వరన్న ఆ నాలుగోదాన్నే మూటగట్టుకుని నగరికి వచ్చాడు. వెంకటమునినీ ఆ ఇద్దరినీ ఆ సాయంత్రమే రైలెక్కించి పంపేశారు. వీధిలో ఎవరికీ తెలియదు గదా అన్నదొక్కటే అతనికి మిగిలిన ఊరట. కుప్పమ్మతో కంటిచూపు చాలలేదని పంపేశారని చెప్పాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు సత్యవేడు సంతలో ఒక నాటువైద్యుడు, ఎలాంటి గడ్డయినా జీడిరసానికి కరిగిపోతుందని చెప్పాడు. చాకలివాళ్లు గుడ్డల మీద గుర్తు పెట్టే జీడిగింజ రసమే అది. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తులసీరాంకూ తెలుసు. అయినా ఆ రసంలో సున్నం కలిపి ఎడమ రొమ్ముకు దట్టంగా పూసి, పైన గుడ్డ బిగించి కట్టుకుని మగ్గంలో కూర్చున్నాడు. సాయంత్రానికి పోగు విసిరే నాడె చేతిలోంచి జారి, గుంటలోకి ఒరిగిపోయాడు. చౌడేశ్వరి కట్టు విప్పితే తోలు గుడ్డతోపాటు ఊడి వచ్చింది.

మూడు నెలలు అది మానలేదు. చీము పట్టింది, మళ్లీ పట్టింది. పొద్దున, సాయంత్రం చౌడేశ్వరే వేపాకు నీళ్లతో కడిగి, కొబ్బరినూనె రాసి కట్టు కట్టేది. అతను కళ్లు మూసుకుని పడి ఉండేవాడు. చొక్కా లేకుండా ఆమె ముందు ఉన్న రోజులవి.

"రెండేండ్లు దీని మింద చెయ్యి వేయనియ్యలేదు నువ్వు" అందామె ఒక రోజు కట్టు బిగిస్తూ. "ఇప్పుడు దినామూ రెండు తూర్లు వేస్తా ఉండా. పుండైతే గాని పెండ్లాం చేతికి రాలేదు మామా నువ్వు."

అతను తల గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇది మానిపోతే మొగుడూ పెండ్లాం మాదిరి ఉందామా? నాకు ఇంకేమీ వద్దు."

"నేను మొగోణ్ణి గాదు చౌడీ."

"ఎవురు చెప్పినారు నీకు?"

"నాకు తెల్సు."

"నాకు తెల్సిందానికి లెక్క లేదా?" అంది. అతను మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

పుండు మానేసరికి ఎడమవైపు తోలు ముడుచుకుపోయి గుంజినట్టయింది. ఎడమ చెయ్యి భుజం పైకి లేవలేదు. గోపురం అంచులు పోయాయి. ముతక తువ్వాళ్లు నేయడానికి మాత్రం ఆ చెయ్యి చాలింది. కుడివైపు ఎలా ఉండేదో అలాగే ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఇక అతనికి రాలేదు.

పెళ్లయి నాలుగేళ్లు కావచ్చింది. కుప్పమ్మకు మనవడు కావాలి. కొడుకు ఒళ్లు సంగతి ఆ తల్లికి తెలియక కాదు. తెలుసు గనకనే, తప్పు ఇంకెవరి మీదన్నా పెట్టకపోతే లోకం తన కొడుకు వైపు చూస్తుందని భయపడింది. కోడలు గొడ్రాలని నీళ్ల దగ్గర, నూలంగడి దగ్గర చెప్పడం మొదలుపెట్టింది. తులసీరాంకు రెండో పెళ్లి చెయ్యాలని కులపెద్ద వరదయ్య దగ్గర మొరపెట్టుకుంది. నలభై ఐదు మాఘంలో చావడిలో పెద్దలు కూర్చున్నారు. నారాయణవనం నుంచి కృష్ణమూర్తిని పిలిపించారు. చౌడేశ్వరి గడప పక్కన నిలబడింది.

వరదయ్య అందరూ చెప్పింది విన్నాడు. చివరికి తులసీరాం వైపు తిరిగాడు.

"అబ్బా, మీయమ్మ చెప్పింది వింటిమి. నీ నోటితో నువ్వు చెప్పు. లోపం ఆ బిడ్డదేనా?"

తులసీరాం తల ఎత్తి చౌడేశ్వరిని చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. ఆమె నోరు తెరిస్తే ఒక్క మాటలో అంతా బయటపడుతుంది. ఆమె తెరవలేదు. ఆ మాట తనది కాదన్నట్టు, అతను అనాల్సింది అన్నట్టు నిలబడింది.

తులసీరాం తల దించుకున్నాడు. "మాయమ్మ చెప్పినట్లే" అన్నాడు.

కృష్ణమూర్తి లేచి ఏదో అనబోయాడు. చౌడేశ్వరి అన్న చెయ్యి పట్టుకుంది. "పోదాం పా అన్నా" అంది. ఇంటికి వెళ్లి రెండు చీరలు మూటగట్టుకుని, అత్తకు చెప్పకుండా, మొగుడి వైపు చూడకుండా పోయింది.

రెండో పెళ్లికి తులసీరాం ఒప్పుకోలేదు. కుప్పమ్మ ఏడ్చింది, తిట్టింది, అన్నం మానింది. నలభై ఏడు చివర్లో పోయింది. తల్లి కర్మలు అయ్యాక, ఎవరి కోసం దాచాడో ఆ మనిషి లేదు గదా అనిపించింది అతనికి. ఒక పొద్దున వరదయ్య ఇంటికి పోయాడు. ఆ ముసలాయన అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"పెద్దాయనా, ఆ పొద్దు చావడిలో నేను అబద్ధం చెప్పినా. చౌడేశ్వరిది ఏం తప్పు లేదు. ఆమెను నేను ముట్టుకోనే లేదు. నా ఒళ్లు..."

వరదయ్య వేపపుల్ల పక్కన పెట్టి నోరు పుక్కిలించాడు. "కూర్చో. చిత్తూరులో నిన్ను ఎనక్కి పంపిన సంగతేనా? ఎరగమా మేము? నీతో పొయ్యినోడు ఆ వారమే ఇంటికి కార్డు రాసినాడు. వీధి వీధంతా తెల్సు."

తులసీరాం అరుగు అంచున కూర్చున్నాడు. "అట్లయితే ఆ బిడ్డను గొడ్రాలని ఎట్ల పంపించినారు?"

"మేము యాడ పంపిస్తిమి? నిన్ను అడిగితిమి గదప్పా. మొగుడే ఆ మాట అన్నాక కాదనేదానికి మేము ఎవురం?" అన్నాడు వరదయ్య. తర్వాత కొంచెం మెత్తబడి, "అయిపోయిన కత. ఇంగ ఎందుకు దాన్ని తవ్వేది?" అన్నాడు.

మర్నాడు తులసీరాం నగరి పక్కనున్న ఏకాంబరకుప్పంలో రైలెక్కి పుత్తూరులో దిగి, నారాయణవనానికి నడిచాడు. చౌడేశ్వరి అన్న ఇంటి వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఇరవై ఆరేళ్లకే చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. అతన్ని చూసి లేవలేదు, పొమ్మనలేదు. చెంబుతో నీళ్లు జరిపింది.

"పెద్దాయనతో చెప్పొచ్చినా, తప్పు నీది గాదని" అన్నాడు.

"ఏమన్నాడు?"

"అందరికీ ముందే తెల్సంట."

"అది నాకూ తెల్సు" అంది, రాట్నం ఆపకుండానే. "ఆ పొద్దు చావడిలో ఒక్కరు గూడా నా మొగం సూడలేదు. నిజంగా గొడ్రాలైతే సూసిందురు. నువ్వు చెప్తావా చెప్పవా అనే సూసినా నేను. అంతే."

"పోదాం రా చౌడీ. అమ్మ గూడా లేదిప్పుడు."

ఆమె పోగు తెంచి, కండె తీసి బుట్టలో వేసింది. "నీ ఒళ్లు నాకెప్పుడూ అడ్డం రాలేదు మామా. నీకే వచ్చింది. ఆ జరం దినం నేను నవ్వకుండా ఉండింటే బాగుండు అని ఎన్ని తూర్లు అనుకున్నానో. ఇప్పుడు అదీ అనుకునేది మానేసినా. ఈడ ఎవురింట్లో సీమంతమైనా, పేరు పెట్టేదైనా నన్ను పిలవరు. నువ్వు ఆ చావడిలో నిలబడి చెప్పినా ఇంగ పిలవరు. యాడికని వచ్చేది?"

లోపలి నుంచి వదిన పిలిచింది. చౌడేశ్వరి లేచి వెళ్లింది. అతను చాలాసేపు కూర్చున్నాడు. ఆమె మళ్లీ బయటికి రాలేదు. చివరికి కృష్ణమూర్తి వచ్చి, అతని ముఖం చూడకుండా, "ఎండెక్కతా ఉండాది, పొయ్యిరా బావా" అన్నాడు.

పుత్తూరు స్టేషనులో రైలు ఆలస్యం. బల్ల మీద పక్కన కూర్చున్న ముసలి రైతు ఏదో ఒకటి మాట్లాడాలని, యావూరు, ఏం పని అని అడిగి, "బిడ్లు ఎంతమందప్పా?" అన్నాడు.

"లేరు."

"అయ్యో. ఆయమ్మకేమన్నా లోపమా?"

"ఆయమ్మకేం లేదు. లోపమంతా నాదే" అన్నాడు తులసీరాం.

ఆ రైతు పట్టాల వైపు చూసి, బీడీ వెలిగించుకునే వంకతో లేచి అవతలికి పోయాడు.